రిఫరల్‌తో పాటు రివ్యూ కూడా ఇద్దాం

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లల నుంచి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే మనలాంటివాళ్ళకి వచ్చే మెసేజ్‌లలో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న కనిపిస్తోంది. ఇదివరకు అందరూ రిఫరల్, అంటే మన కంపెనీలో ఉద్యోగానికి మన సిఫారసు, అడిగేవారు. ఇప్పుడు కొందరు, "ఓపెన్ సోర్స్‌లో ఏదైనా మొబైల్ యాప్ ప్రాజెక్టులో చేరాలనుంది, ఎవరిని అడగాలి?" అంటున్నారు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండి, ఎవరైనా చదివి సవరణ పంపగలిగే సాఫ్ట్‌వేర్. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది. మనం ఇస్తున్న జవాబు మాత్రం సరిపోవడం లేదు. "గిట్‌హబ్‌లో వెతుకు, బోలెడు ఉంటాయి" అని, అలాంటి కోడ్ ఉండే వెబ్‌సైట్ పేరొకటి చెప్పి ఊరుకుంటున్నాం.

అసలు ఎవరినో అడగాలి అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉండి మూడో సంవత్సరం చదువుతున్న మా బంధువుల అబ్బాయి ఒక యాప్ బృందానికి రాసిన మెసేజ్ నాకు చూపించాడు. పద్ధతిగా రాశాడు. తన పేరు, కాలేజీ, జావా, కాట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలు వచ్చన్న సంగతి, ఏ పని చెప్పినా చేస్తానన్న మాట, దయచేసి దారి చూపమన్న విన్నపం. జవాబు రాలేదు. "నా ఇంగ్లిష్ బాగోలేదా బాబాయ్?" అని అడిగాడు. ఇంగ్లిష్‌కి వచ్చిన లోటేమీ లేదు. ఆ మెసేజ్‌కి జవాబివ్వాలంటే అవతలివాళ్ళు ముందు ఇతనికి ఏం వచ్చో కనుక్కోవాలి, తగిన పని వెతికిపెట్టాలి, దగ్గరుండి నేర్పాలి. చాలా యాప్‌లలో మెయింటెయినర్ అంటే పగలంతా వేరే ఉద్యోగం చేసుకుని, రాత్రిపూట జీతం లేకుండా ఆ కోడ్ చూసుకునే మనిషి. అలాంటి మెసేజ్‌లు ఆయనకి ఎన్నో వస్తాయి.

మాటల మధ్యలో అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. ఫోన్‌లో తెలుగు పెట్టుకుని ఆ యాప్ తెరిస్తే బటన్ల మీద ఒత్తులు సగానికి తెగి కనిపిస్తున్నాయట. ముందు ఆ విషయమే రాయమన్నాను. ఏ ఫోన్, ఏ ఆండ్రాయిడ్, యాప్ ఏ వెర్షన్, ఏ స్క్రీన్, ఇంగ్లిష్‌లో ఎలా ఉంది, తెలుగులో ఎలా ఉంది, రెండు స్క్రీన్‌షాట్‌లు. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. "నువ్వే సరిచేస్తావా?" అని వాళ్ళే అడిగారు.

ఇది చిన్న పని అనిపించొచ్చు, నా లెక్కలో కాదు. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసుకుని బటన్ కొలత ఖాయం చేస్తే మన 'క్ష్మ', 'స్త్ర' లాంటివి కింద తెగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో దీనికోసం ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ అనే సెట్టింగ్ చాలాకాలంగా ఉంది. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్‌లకు అది దానంతటదే ఆన్ అవుతుంది. దానివల్ల చదవడం తేలికయ్యే లిపుల జాబితాలో తమిళం, కన్నడం, మలయాళంతో పాటు తెలుగూ ఉంది. కానీ డిజైనర్ బటన్ ఎత్తును గట్టిగా బిగించేసినచోట సెట్టింగ్ ఒక్కటే చాలదు, ఎవరో ఒకరు స్క్రీన్ చూసి చెప్పాలి. ఆ యాప్ రాసినవాళ్ళు ఏ జర్మనీలోనో కెనడాలోనో ఉంటే వాళ్ళ ఫోన్‌లో ఇది ఎప్పటికీ కనబడదు. హైదరాబాద్ కుర్రవాడికి రోజూ కనబడుతుంది.

2018 ఫిబ్రవరి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం ఒక రకంగా టైప్ అయి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా తెలుగువాళ్ళం ఎదురుచూడటం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. అదే ఆండ్రాయిడ్‌లో అక్షరాలను పేర్చి చూపించే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. తెలుగు చదవడం, సీ ప్లస్ ప్లస్ రాయడం వచ్చిన విద్యార్థి ఎవరైనా ఆ కోడ్ తెరిచి, తప్పు ఎక్కడుందో చూసి, సవరణ పంపొచ్చు. ఆ హక్కు మన పిల్లలకి ఇప్పటికే ఉంది. ఉందని వాళ్ళకి తెలియదు, అంతే.

ఎందుకు తెలియదంటే మనం పెంచిన పద్ధతి అలాంటిది. అమీర్‌పేటలో డబ్బు కడితే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టుతో సహా చేతికొస్తుందని అందరికీ తెలుసు. ప్రాజెక్టు అంటే ఎవరో ఇచ్చేది, మార్కులు పడ్డాక మర్చిపోయేది అన్న భావంతో నాలుగేళ్ళు గడిపిన పిల్లలు, ఎవరూ ఇవ్వకుండానే మొదలుపెట్టే పని చూస్తే తడబడరా? రెజ్యూమే కోసం, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో ఒక పదం మార్చి పంపేవాళ్ళు కూడా ఇక్కడి నుంచే వస్తారు. ఓపెన్ సోర్స్‌కి సవరణలు పంపమని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ కార్యక్రమంలో 2020లో టీషర్టు కోసం అలాంటి పుల్ రిక్వెస్ట్‌లు, అంటే సవరణ చేర్చుకోమనే విన్నపాలు, వెల్లువెత్తి, ప్రాజెక్టులు ముందుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకునేలా నిర్వాహకులు నిబంధన మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు ఏఐతో రాయించిన సవరణలు వచ్చిపడుతున్నాయి. నిజాయితీగా వచ్చే విద్యార్థిని కూడా అనుమానంగా చూసే పరిస్థితి వచ్చిందంటే నాకు బాధగా ఉంది.

ఏ ప్రాజెక్టు ఎంచుకోవాలన్న దగ్గర కూడా పిల్లలకి సరైన మాట చెప్పేవాళ్ళు లేరు. చాలామంది నేరుగా ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ మీదికే వెళ్తారు. దాన్ని బిల్డ్ చేయడానికి, అంటే కోడ్ నుంచి నడిచే సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి, 64 జీబీ ర్యామ్, 400 జీబీ ఖాళీ డిస్క్ కావాలని గూగుల్ పత్రాల్లోనే ఉంటుంది. హాస్టల్ వైఫై, 8 జీబీ ల్యాప్‌టాప్‌తో అది అయ్యే పని కాదు. పైగా 2025 నుంచి ఆ అభివృద్ధి అంతా గూగుల్ తన లోపలే ఉంచుకునే కోడ్ ప్రతిలోనే (బ్రాంచి) జరుగుతోంది, బయటివాళ్ళకి కోడ్ తర్వాత అందుతుంది. వికీపీడియా యాప్, ఫ్లాష్‌కార్డులతో చదువుకునే యాంకీడ్రాయిడ్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌కి వివరాలు చేర్చే స్ట్రీట్‌కంప్లీట్ లాంటివి ఎంచుకుంటే మామూలు ల్యాప్‌టాప్‌తో పని మొదలుపెట్టొచ్చు. తను రోజూ వాడే యాప్ అయితే మరీ మంచిది. కొత్తవాళ్ళని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చేర్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, స్టైపెండ్ కూడా ఇస్తారు, 18 ఏళ్ళు నిండాలి. దరఖాస్తుకి ముందే ఆ ప్రాజెక్టులో కొన్ని సవరణలు చేసినవాళ్ళ మాటకి బరువుంటుంది. హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా విద్యార్థులతో ఈ దారిలో పనిచేస్తోంది, ముందు అక్కడికి వెళ్ళమని నేను అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఇక మన సంగతి. మనలో వందలమంది రోజూ ఇతరుల కోడ్ రివ్యూ చేసి, అంటే చదివి తప్పొప్పులు చెప్పి, జీతం తీసుకుంటున్నాం. ఆ నైపుణ్యం హైదరాబాద్ కాలేజీల్లో దొరకడం కష్టం. సవరణ పంపేముందు అనుభవమున్నవాళ్ళు ఎవరైనా దాన్ని చదివి, "ఈ లైన్ ఎందుకు మార్చావు? దీనికి టెస్ట్ ఏది? ఒకే కమిట్‌లో రెండు పనులు ఎందుకు కలిపావు?" అని అడిగితే ఆ విద్యార్థి ఒక సెమిస్టర్‌లో నేర్వనిది ఒక సాయంత్రంలో నేర్చుకుంటాడు. కోడ్ మనం రాసివ్వకూడదు. ప్రశ్నలు అడగాలి, చదవమనాలి, మళ్ళీ పంపమనాలి. వేసవిలో డాలస్‌లో శనివారం ఉదయం తొమ్మిదైతే హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నర. వారానికి ఒక గంట ఇందుకు తీయలేమా? కొన్ని కంపెనీలు బయటి ప్రాజెక్టుల్లో పాల్గొనడానికి ముందస్తు అనుమతి అడుగుతాయి కాబట్టి మీ ఉద్యోగ ఒప్పందం ఒకసారి చూసుకోండి.

"దీనివల్ల ఉద్యోగం వస్తుందా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఫీజుకి అప్పు చేసిన ఇంట్లో అది న్యాయమైన ప్రశ్న. వస్తుందని నేను మాటివ్వలేను, క్యాంపస్ ఇంటర్వ్యూకి చేయాల్సిన ప్రిపరేషన్ ఎటూ చేయాలి. అయితే ఉద్యోగంలో చేరాక మొదటి రోజు చేతికొచ్చేది ఇంకొకరు రాసిన లక్షల లైన్ల కోడ్. దాన్ని చదివిన అలవాటు ఉన్న పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది, ఇది నేను నా బృందంలో చూస్తూనే ఉన్నాను.

మన సంఘం ఏటా స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. వాటితో పాటు కొందరికి 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలని, రివ్యూ చేయడానికి ముందుకొచ్చే సభ్యుల జాబితా ఒకటి తయారుచేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ జాబితాలో ప్రోగ్రామర్లే ఉండక్కర్లేదు. టెస్టింగ్ చేసేవాళ్ళు కావాలి, డిజైన్ తెలిసినవాళ్ళు కావాలి. విద్యార్థులు చేసే తెలుగు అనువాదాలను సరిచూడటానికి మంచి తెలుగు వచ్చినవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ కావాలి. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చి, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ తెలుగు టీచర్లు మన మధ్య ఎంతోమంది ఉన్నారు. ముందు వాళ్ళ పేర్లు రాసుకుందాం.