కట్టేసింది ప్రభుత్వం చేతులు కాదు, కళ్ళు

అమెరికాలో నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే, అది ఎవరిదో పోలీసులు కంప్యూటర్‌లో చూసి క్షణాల్లో చెప్పేస్తారని మనం అనుకుంటాం. అలా జరగదు. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఫెడరల్ ప్రభుత్వ ఆరా కేంద్రం ఒకటి ఉంది. అక్కడి సిబ్బంది తుపాకీ మీది నంబరు పట్టుకొని ముందు తయారీ సంస్థను అడుగుతారు. ఆ సంస్థ టోకు వ్యాపారిని చూపిస్తుంది, అతను దుకాణదారును చూపిస్తాడు. దుకాణదారు పాత ఫారాలు వెతికి మొదట కొన్నవారి పేరు చెప్పాలి. మూతపడిన దుకాణాల కాగితాలు మార్టిన్స్‌బర్గ్‌కే చేరతాయి. వాటిని స్కాన్ చేస్తారు గానీ, పేరుతో వెతికే వీలు మాత్రం ఉండదు. కారణం చేతకానితనం కాదు. చట్టం ఒప్పుకోదు.

తుపాకీ యజమానుల జాతీయ జాబితా తయారు చేయకూడదని 1986 నాటి చట్టం ఆంక్ష పెట్టింది. కొనేవారి నేరచరిత్రను తనిఖీ చేసి అమ్మకానికి అనుమతించాక, ఆ కొనుగోలుదారు వివరాలను 24 గంటల్లోపు చెరిపేయాలి. 1996లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ మరో అడుగు వేసింది. తుపాకీ నియంత్రణను ప్రోత్సహించేందుకు నిధులు వాడరాదని ప్రజారోగ్య సంస్థ సీడీసీకి షరతు పెట్టింది. తుపాకీ గాయాల పరిశోధనకు అప్పటిదాకా ఇస్తున్న 26 లక్షల డాలర్లను వేరే పనికి మళ్ళించింది. ఆ పరిశోధనకు మళ్ళీ ప్రత్యేకంగా నిధులు కేటాయించింది 2019 చివర్లోనే.

పౌరుడి చేతిలో తుపాకీ ఉంటే ప్రభుత్వం అదుపులో ఉంటుందనేది తుపాకీ హక్కువాదుల ప్రధాన వాదన. ఆయుధాలు కలిగి ఉండే హక్కును చెప్పే 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణను వారు అలాగే చదువుతారు. అక్కడి పౌరుల వద్ద 39 కోట్లకు పైగా తుపాకులున్నాయని 2018లో ఒక అంచనా వచ్చింది. వాటివల్ల అక్కడి జైళ్ళు ఖాళీ అయ్యాయా? పోలీసు బలగం తగ్గిందా? ఫోన్ల మీద నిఘా ఆగిందా? ఏదీ జరగలేదు. ప్రభుత్వానికి కొట్టే శక్తి అలాగే ఉంది. తెలుసుకునే శక్తి మాత్రమే పోయింది.

జాబితా ఉంటే ప్రభుత్వం తుపాకులు లాక్కుంటుందని వారికున్న భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. 1878 ఆయుధాల చట్టంతో బ్రిటిష్ పాలకులు భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించారు. ఎవరి చేతిలో ఆయుధం ఉండాలో పాలకుడు తేల్చడమంటే ఏమిటో మనకు తెలుసు. అమెరికాలోనూ అదే జరిగింది. పోలీసుల దౌర్జన్యాన్ని గమనించేందుకు నల్లజాతి యువకులు బ్లాక్ పాంథర్స్ పేరుతో బహిరంగంగా గుళ్ళు నింపిన తుపాకులు పట్టుకొని తిరిగితే, 1967లో కాలిఫోర్నియా ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ చట్టంపై సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రేగన్. 1986లో జాబితా వద్దన్న చట్టంపై అధ్యక్షుడిగా సంతకం పెట్టిందీ ఆయనే. తుపాకీ నిజంగా ప్రభుత్వానికి ఎదురు నిలిచినప్పుడు హక్కు ఎంతవరకు నిలబడిందో ఈ రెండు సంతకాలు చెబుతాయి.

నిరంకుశత్వం మీద చర్చ సాగుతుండగానే చావులు వేరే దారిలో వస్తున్నాయి. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది మరణించారు. సగానికి పైగా ఆత్మహత్యలే. ఆ ఇళ్ళ మీదికి ఏ నియంతా రాలేదు.

విచక్షణ లేకుండా అందరి ఆయుధాలూ లాక్కోమని ఎవరూ అడగనక్కర్లేదు. ఒక్కో వ్యక్తి విషయం కోర్టు విని తేల్చే పద్ధతి ఉంది. గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు కింద ఉన్న వ్యక్తి తుపాకీ కలిగి ఉండరాదన్న నిబంధనను 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో సమర్థించింది. విభేదించిన ఒక్కరు, అంతకు రెండేళ్ళ ముందు తుపాకీ హక్కును విస్తరించిన తీర్పు రాసిన జస్టిస్ క్లారెన్స్ థామస్. ప్రభుత్వ అధికారానికి ఇంతకన్నా న్యాయమైన హద్దు నాకు కనిపించదు. కానీ ఆ ఉత్తర్వు అమలు కావాలంటే, అతని ఇంట్లో ఎన్ని తుపాకులున్నాయో ముందు తెలియాలి. ఫెడరల్ ప్రభుత్వం దగ్గర ఆ లెక్క లేదు. ఉండకూడదని చట్టం.