నెల్లూరుకు కింద వత్తు ఉంది, ఒంగోలుకు లేదు

పెళ్లి వీడియో ఆరంభంలో వచ్చే ఊళ్ల పేర్ల కార్డును తీసుకుందాం. వధువుది నెల్లూరు, వరుడిది ఒంగోలు. ఒకే ఫాంటు, ఒకే సైజు, రెండు వేరు లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే పొరలు. అక్షరాలకూ బొమ్మలకూ కదలికలిచ్చే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో రెండింటినీ ఎంచుకుని, అలైన్ ప్యానెల్‌లో కింది అంచులను కలిపే బటన్ నొక్కితే, సాఫ్ట్‌వేర్ తన లెక్క ప్రకారం రెండు పెట్టెల అడుగులనూ ఒకే గీత మీదకు తెస్తుంది. కంటికి మాత్రం నెల్లూరు ఒక మెట్టు పైకి లేచి, ఒంగోలు కిందికి జారినట్లు కనిపిస్తుంది. ‘ల్లూ’లోని లావత్తు బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) దాటి కిందికి దిగడమే దీనికి కారణం. నిలువుగా మధ్యకు సర్దినా వత్తు ఎత్తులో సగం మేర ఇదే తేడా మిగులుతుంది.

ఈ సాఫ్ట్‌వేర్ 1993లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక చిన్న సంస్థ చేతుల్లో పుట్టి, మరుసటి ఏడాది అడోబీకి చేరింది. ఇంగ్లిషులోనూ కిందికి దిగే అక్షరాలున్నాయి కానీ వాటి తోకలు పొట్టివి. మన లిపిలో ‘రాష్ట్రం’ అని రాస్తే ఒక అక్షరం కిందే రెండు వత్తులు చేరతాయి. అందువల్ల లేయర్లను వరుసలో పెట్టే పనిని స్క్రిప్టుకు (ఆదేశాలను వరుసగా తానే నడిపే చిన్న ప్రోగ్రాముకు) అప్పగించాలనుకున్న తెలుగు ఎడిటర్‌కు బటన్ ఎక్కడుందో చెబితే సరిపోదు, అది దేనిని కొలుస్తుందో చెప్పాలి. నా దృష్టిలో ఇలాంటి పనిముట్టుకు రాసే డాక్యుమెంటేషన్ (వాడే తీరును వివరించే రాత) పనిముట్టులో సగం. ఆ సగం లేకుండా చేతికిచ్చిన స్క్రిప్టు సమయాన్ని ఆదా చేయదు, తప్పులను వేగంగా చేయిస్తుంది.

ఇలాంటి స్క్రిప్టులు సాధారణంగా ‘సోర్స్ రెక్ట్ ఎట్ టైమ్’ అనే ఆదేశంతో లేయర్ లోపలి బొమ్మ చుట్టూ ఉండే పెట్టె ఎడమ, పై అంచులనూ, వెడల్పు, ఎత్తులనూ తెలుసుకుంటాయి. ఆ కొలతల్లో లేయర్‌కు తగిలించిన నీడ, మెరుపు వంటి ఎఫెక్టులు చేరవు. స్కేల్ కూడా చేరదు, దానిని స్క్రిప్టు రాసినవారే లెక్కలోకి తీసుకోవాలి. అయితే గీసిన పెట్టెలో కాక నేరుగా టైప్ చేసిన టెక్స్ట్ లేయర్‌కు సున్నా బిందువు మొదటి వరుస బేస్‌లైన్ మీదే ఉంటుంది. యాంకర్ పాయింట్‌ను (లేయర్ స్థానాన్ని లెక్కించే బిందువును) ఎవరూ జరపకపోతే, పెట్టె అడుగును వదిలి ఆ బిందువులను కలిపితే చాలు, వత్తు ఉన్నా లేకున్నా పేర్లు ఒకే వరుసలో నిలుస్తాయి. ఈ ఒక్క వాక్యం డాక్యుమెంటు మొదటి పేజీలో ఉంటే ఎన్నో గంటల చేతిపని తప్పుతుంది.

కీఫ్రేముల (ఏ క్షణంలో ఏ విలువ ఉండాలో చెప్పే గుర్తుల) సంగతి ఇంతకన్నా ప్రమాదకరమైనది. పొజిషన్‌కు కీఫ్రేములు ఉన్న లేయర్‌కు స్క్రిప్టు నేరుగా స్థిరమైన విలువ ఇవ్వబోతే ఎర్రర్ వస్తుంది. దానిని తప్పించడానికి చాలామంది ఆ క్షణంలో విలువ పెట్టే ఆదేశాన్ని వాడతారు. అక్కడ కీఫ్రేము లేకపోతే కొత్తది పుడుతుంది. నేను ఒకసారి ఇలాంటి స్క్రిప్టును వివరాలేవీ చదవకుండానే దాదాపు నలభై పేర్ల కార్డుల మీద నడిపాను. స్క్రీన్ మీద అన్నీ చక్కగా కుదిరాయి. ప్లే చేస్తే ప్రతి పేరూ దారి మధ్యలో ఒక కుదుపుతో పక్కకు తిరిగింది. మర్నాడు ఉదయం ముహూర్తం, రాత్రంతా కూర్చుని ఒక్కొక్క కీఫ్రేమునూ వెతికి తీసేశాను. చదవని తప్పు నాదేనని ఒప్పుకుంటాను, కానీ తరువాత వెతికితే ఆ హెచ్చరిక రాసిన పేజీ అసలు లేదు. కీఫ్రేములున్న లేయర్‌ను స్క్రిప్టు వదిలేస్తుందా, కొత్తది పెడుతుందా, ఉన్నవన్నీ కలిపి జరుపుతుందా అన్నది తప్పనిసరిగా రాయవలసిన విషయం.

పేరెంట్ (తాను కదిలితే దీనినీ కదిలించే మరో లేయర్) ఉన్న లేయర్‌కు పొజిషన్ లెక్క ఆ పేరెంట్‌ను బట్టి ఉంటుందనీ, ఒక్క అన్‌డూతో మొత్తం వెనక్కి వస్తుందో లేదో కూడా చెప్పాలి. వీటికి తలా ఒక వాక్యం చాలు.

మన జిల్లాల్లో మరో చిక్కు ఉంది. ఫ్లెక్సీ షాపుల నుంచి వీడియో స్టూడియోల దాకా అను ఫాంట్ల అలవాటు ఇంకా పోలేదు. ఆ ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగే అయినా లోపల నిల్వ ఉండేది ఇంగ్లిషు అక్షరాల కోడ్. యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతిలో) పొల్లు తరువాత హల్లు రావడాన్ని చూసి వత్తును గుర్తించే స్క్రిప్టు అను ఫాంటు ముందు ఏమీ కనిపెట్టలేదు. పెట్టెను మాత్రమే కొలిచే స్క్రిప్టుకు ఈ తేడా పట్టదు. పనిముట్టు ఈ రెండింటిలో ఏ రకమో రాయకపోతే, ఒక స్టూడియోలో బాగా పనిచేసినది పక్క స్టూడియోలో ఎందుకు చెడిందో ఎవరికీ అర్థం కాదు.

ఇంత చిన్న పనికి పుస్తకమెందుకు, వీడియో చేసి పెడితే చాలదా అని అడిగేవారున్నారు. పని నేర్చుకునే మొదటి రోజుకు వీడియో మంచిదే. అర్ధరాత్రి ఒక్క ఎర్రర్‌కు అర్థం కావలసినప్పుడు పావుగంట వీడియోలో దానిని వెతకడం కష్టం; రాసిన పేజీలో మాట టైప్ చేస్తే దొరుకుతుంది. ఆ పేజీ తెలుగులో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. కావలిలోనో కందుకూరులోనో పని నేర్చుకుంటున్న కుర్రాడికి లేయర్, కీఫ్రేము అన్న మాటలు కొత్త కావు, వాటి చుట్టూ ఉన్న ఇంగ్లిషు వాక్యాలే అడ్డు.

ఉదాహరణలు కూడా మన మాటలే కావాలి. కనిగిరిలో గుడులన్నీ తల మీదే ఉంటాయి, నెల్లూరులో వత్తు కింద ఉంటుంది, దర్శిలో పైన గుడి, కింద వత్తు రెండూ ఉంటాయి. ఈ మూడు పేర్ల పక్కన ఒంగోలును పెట్టి, బేస్‌లైన్‌ను ఎర్రగీతగా చూపి, బటన్ నొక్కక ముందు, నొక్కిన తరువాత తీసిన రెండు చిత్రాలనూ, ఏ వర్షన్‌లో పరీక్షించారో ఆ సంఖ్యనూ మొదటి పేజీలోనే ఇవ్వాలి.