టీకా వేసే ముందు రక్తం చూడండి

తొలకరికి ముందు ఊరూరా పశువులకు గొంతువాపు జబ్బు రాకుండా సూదులు వేస్తారు. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఏదో ఒక పల్లె నుంచి అదే మాట వినిపిస్తుంది, "సూది వేయించినాం సార్, అయినా ఎనుము పోయింది" అని. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో తిరిగే మాకు ఈ మాట కొత్త కాదు. రైతు టీకా మందును అనుమానిస్తాడు, ఐసు పెట్టెలో సరిగా పెట్టలేదంటాడు, సూది వేసినవాళ్లను తిడతాడు. కొన్నిసార్లు అందులో నిజం ఉండొచ్చు. కానీ ఎవరూ వెతకని చోటు ఇంకొకటి ఉంది, ఆ పశువు రక్తం.

జోరీగ సంగతే తీసుకోండి. వానలు పడి కుంటలు నిండాక కాలువ గట్ల మీద మేసే పశువుల కాళ్ల మీద, పొట్ట కింద వాలే పెద్ద ఈగ ఇది. దోమలా సన్నగా పీల్చి పోయే రకం కాదు, చర్మాన్ని కోసి ఊరిన రక్తాన్ని తాగుతుంది, అది లేచిపోయాక కూడా ఆ చోటు నుంచి ఒక ఎర్రటి చుక్క వెంట్రుకల మీదుగా కిందికి జారుతూనే ఉంటుంది. నొప్పికి ఆవు తోక విసురుతుంది, కాలు ఝాడిస్తుంది. కడుపు నిండని ఈగ లేచి పక్కనున్న పశువు మీద వాలుతుంది, మూతికి అంటిన తడి రక్తంతో పాటు సర్రా జబ్బు క్రిమిని దాని ఒంట్లోకి దించుతుంది. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో ఈ క్రిమిని కనిపెట్టాడు. వైద్యం అందకపోతే గుర్రాన్ని ఇది చంపేస్తుంది. ఆవులోనూ ఎనుములోనూ మాత్రం చాలాసార్లు ఏమీ తెలియనివ్వదు, అప్పుడప్పుడూ జ్వరం వచ్చి పోతుంది, పాలు కాస్త తగ్గుతాయి, పశువు చిక్కుతుంది, ఎండలకేమోలే అని మనం ఊరుకుంటాం.

లోపల జరిగేది మాత్రం చిన్న విషయం కాదు. ఈ క్రిమి ఒంటి మీద ఒక ప్రొటీన్ పొర కప్పుకుని తిరుగుతుంది. పశువు శరీరం ఆ పొరను గుర్తుపట్టి, దానికి సరిపడా యాంటీబాడీలు తయారు చేసి చాలావాటిని చంపేసరికి, మిగిలిన కొన్ని వేరే పొర కప్పుకుని మళ్లీ పెరిగిపోతాయి. శరీరం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. జ్వరం అలలు అలలుగా రావడం ఇందుకే. ఇలా రోజుల తరబడి, నెలల తరబడి పోరాడి పోరాడి రోగనిరోధక వ్యవస్థ అలసిపోతుంది, తన ఎర్ర రక్తకణాలనే తాను మింగేసి రక్తహీనత తెచ్చుకుంటుంది. ఆ స్థితిలో గొంతువాపు టీకా ఇస్తే దాన్ని పట్టించుకునే ఓపిక దానికెక్కడిది? సర్రా ఉన్న ఎనుము దూడలకు గొంతువాపు టీకా ఇచ్చి చూసిన పరిశోధకులకు, జబ్బు లేని దూడలతో పోలిస్తే యాంటీబాడీలు తక్కువగా కనిపించాయి. పందుల్లో వేరే టీకాతో చేసిన పరీక్షల్లోనూ ఇదే తేలింది.

ఇక గోమార్లు, కొందరు పిడుదులు అంటారు. ఇది నిజానికి కీటకం కాదు, ఎనిమిది కాళ్లున్న సాలీడు కుటుంబంది, కానీ చేసే పని అదే. రక్తం తాగి ఆముదం గింజంత లావై చెవి లోపల, పొదుగు పక్కన, తోక కింద వేలాడుతుంది. రోజుల తరబడి అంటిపెట్టుకుని ఉన్నా పశువు ఒళ్లు దాన్ని ఎందుకు విదిలించుకోలేదంటే, గోమారి లాలాజలంలోనే వాపును, రక్తం గడ్డకట్టడాన్ని, ఆ చోట రోగనిరోధక కణాల కదలికను అణచివేసే పదార్థాలు ఉన్నాయి. అంటే తలుపు తెరిచిపెట్టి మరీ దొంగను లోపలికి పంపుతుంది. ఆ దొంగల్లో ఘోరమైనది థైలేరియా అనే క్రిమి. ఇది వెళ్లి కూర్చునేది ఎక్కడో కాదు, జబ్బుతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాల్లోనే. ఆ కణం ఆపకుండా రెండుగా చీలుతూ పోయేలా చేస్తుంది, కణంతో పాటు తానూ చీలుతుంది. భుజం ముందున్న గ్రంథి నిమ్మకాయంత ఉబ్బి చేతికి తగులుతుంది, జ్వరం 105 డిగ్రీలు దాటుతుంది. అప్పటికి రైతుకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోతుంది, ఖరీదైన బుపార్వాకోన్ సూది పని చేయాలంటే తొలి రోజుల్లోనే పడాలి మరి. ఎర్రమూత్రం జబ్బు తెచ్చే బబీసియా అనే క్రిమిని మోసుకొచ్చేదీ గోమారే.

మన దేశీ ఆవులు వీటిని కొంత తట్టుకుంటాయి, చిన్నప్పుడే కొద్దికొద్దిగా తగిలి బతికిన దూడకు చాలావరకు రక్షణ మిగులుతుంది. దెబ్బ తినేది అప్పు చేసి తెచ్చుకున్న జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు. శనక్కాయ పంట పోయిన ఏడాది ఇల్లు గడిచేది వాటి పాలతోనే. ఒక్క ఆవు పోతే ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మాకు బాధ కలిగించేది ఇదీ. ఆరోగ్యంగా ఉన్న పశువుకే టీకా వేయాలని నియమం ఉంది. ఆరోగ్యంగా ఉందని తేల్చేది ఎలా? కంటి చూపుతో. క్రిమిని మోస్తూ నిలబడ్డ ఎనుము కంటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లెక్కల్లో ఎన్ని డోసులు వేశారన్నది ఉంటుంది తప్ప ఎన్ని పశువులకు నిజంగా రక్షణ వచ్చిందన్నది ఉండదు. అలాగని టీకా మానేయమని మేము అనడం లేదు, పొరపాటున కూడా అలా అనుకోవద్దు, గొంతువాపు వస్తే గంటల్లో ప్రాణం పోతుంది. టీకా వృథా కాకూడదనే మా గోల.

చెవి చివర సన్నని నరం మీద సూదితో గుచ్చి, వచ్చిన మొదటి చుక్కను గాజు పలక మీద పెట్టి, ఇంకో పలకతో పలచగా లాగి ఆరబెట్టడానికి నిమిషం పట్టదు. రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటానికి ఇంకాస్త సమయం. ప్రతి పశువుకూ కుదరదని మాకూ తెలుసు. పాలు తగ్గినవి, చిక్కినవి, ఈసుకుపోయినవి (కడుపు పోయినవి), కొత్తగా కొని తెచ్చినవి, ఈ నాలుగు రకాలకైనా టీకా శిబిరానికి మూడు వారాల ముందు చేయొచ్చు కదా. క్రిమి కనిపిస్తే ముందు దానికి వైద్యం, ఆ తర్వాత టీకా. ఇందుకు ప్రతి పశువుల ఆసుపత్రిలో పని చేసే మైక్రోస్కోపు, అయిపోకుండా రంగు సీసా, చూడటం వచ్చిన మనిషి ఉండాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, రైతు సేవా కేంద్రాల్లోని సహాయకులకు చుక్క తీయడం అక్కడ నేర్పించవచ్చు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాన్ని పలకలు ల్యాబుకు చేర్చడానికీ వాడుకోవచ్చు. థైలేరియా టీకాను ద్రవ నత్రజనిలో నిల్వ చేయాలి, కృత్రిమ గర్భధారణ వీర్యం కోసం ఆ ఏర్పాటు ఎలాగూ ఉంది, మరి సంకర దూడలన్నిటికీ అది ఎందుకు అందడం లేదో అధికారులే చెప్పాలి.

రైతన్నలకూ ఒక మాట. గోమార్లు పశువు మీదకన్నా కొట్టంలోనే ఎక్కువ. మన వైపు నాపరాయి గోడల సందుల్లో అవి వేలల్లో గుడ్లు పెడతాయి, ఆవుకు మాత్రమే మందు రాసి సందులు వదిలేస్తే వారానికి మళ్లీ ఎక్కేస్తాయి. సందులు పూడ్చి సున్నం కొట్టండి. శనక్కాయకు కొట్టే పురుగుమందును దయచేసి పశువుకు పూయకండి, దాన్ని నాకి పశువు చచ్చిపోతుంది. మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే కలపండి, పలచన చేస్తే గోమార్లు దానికి అలవాటు పడతాయి. సంతలో కొన్న పశువును నేరుగా మీ గాటికి కట్టేయకుండా కొన్నాళ్లు దూరంగా ఉంచి రక్తం చూపించండి.

జనవరిలో ఎమ్మిగనూరు జాతర వస్తుంది, ఎక్కడెక్కడి నుంచో పశువులు వస్తాయి, చేతులు మారి ఎక్కడెక్కడికో పోతాయి. అక్కడ ఒక షామియానా, రెండు మైక్రోస్కోపులు, నలుగురు సిబ్బంది. ఈ ఏడాదికి పశుసంవర్ధక శాఖను మేము అడుగుతున్నది ముందుగా అదొక్కటే.