కాఫీ మనదే, ఆయ్!

కాఫీ మన పంట కాదని ఎవరైనా అంటే గోదావరి జిల్లాల వాళ్లు ఇక ఊరుకోకూడదు. ఆధారం ఉందండి. ఆంధ్రలో కాఫీ మొక్క తొలిసారి నాటుకుంది 1898లో, తూర్పుగోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో. పాములేరెక్కడ, అమలాపురమెక్కడ అని గొణిగేవాళ్లు పాత పటం తీసి చూడాలి. 2022లో ఆ కొండల్ని అల్లూరి జిల్లాలో కలిపేశారు. అది వేరే సంగతి.

అయినా పండించడంలో ఏముంది? సిల్వర్ ఓక్ నీడన మొక్క దానంతటదే పెరుగుతుంది. ఆ చెట్టుకే మిరియాల తీగ పాకుతుంది. నవంబరు నుంచి పండు ఎర్రబడుతుంటే, ఎర్రవి మాత్రమే కోసి, పచ్చివి వదిలేసి, అదే కొమ్మ దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. అంతేగా!

అసలు కష్టం మనది. ఫిల్టర్లో పొడి వేసి, మరీ అదమకుండా నీళ్లు పోసి, డికాషన్ దిగేదాకా మూత తియ్యకూడదు. మా బాబాయి మూడుసార్లు తీస్తాడు, ఆత్రం. ఇక కాఫీ పొడిలో చికోరీ అనే వేరు పొడి 49 శాతం దాకా కలపొచ్చని నిబంధన. అంటే గ్లాసులో దాదాపు సగానికి ఆ కొండలతో సంబంధమే లేదు. అయినా 2019లో భౌగోళిక గుర్తింపు అరకు కాఫీకిచ్చారు. తాగేవాళ్లకి ఏదండీ గుర్తింపు?

ఈ అన్యాయం తేల్చుకుందామనే చైత్రంలో బాబాయీ నేనూ అరకు వెళ్లాం. అక్కడి గిరిజనుల ఇటుకల పండుగ రోజులు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు పెట్టి, పాడుతూ కారాపి పండుగ డబ్బులడిగారు. ముందురోజు విశాఖలో కాఫీకి రెండొందలు కిక్కురుమనకుండా ఇచ్చిన బాబాయి, పది నోటు కోసం నాలుగు జేబులూ తడిమాడు. "రోడ్డేమన్నా వీళ్లదా?"

తోటంతా తెల్లగా పూసి ఉంది. "మల్లెలు కూడా వేస్తారేంట్రా?" అన్నాడు, గాలి పీలుస్తూ. అది కాఫీ పువ్వని చెబితే నమ్మలేదు.

రైతు ఇంట్లో చోడి అంబలి, అదే రాగి జావ, ఇచ్చారు. బాబాయి మొహమాటం లేకుండా స్ట్రాంగ్ కాఫీ అడిగాడు. కాసేపటికి టీ వచ్చింది. పాపం, కాఫీ తెలియని జనం అనుకుని, డికాషన్ ఎలా తియ్యాలో అరగంట పాఠం చెప్పాడు. రైతు శ్రద్ధగా విన్నాడు. చివరికి అడిగాడు: "మేం పళ్లు పళ్లుగానే అమ్మేస్తాం బాబూ. ఆ పొడి ఎక్కడ దొరుకుతాది?"