తలనొప్పే కదా అనేవారికి

"తలనొప్పే కదా, ఒక మాత్ర వేసుకుని పడుకో" అనేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. మైగ్రేన్ వచ్చినప్పుడు తలలో ఒక పక్క నరం ఎగిరెగిరి పడుతుంది, కడుపులో తిప్పుతుంది, ట్యూబులైటు వెలుతురు కూడా కంటికి పడదు. సరైన మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా అంతే. కొందరికి నొప్పి మొదలుకాకముందే కళ్ల ముందు వంకర గీతలు మెరుస్తాయి. ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బు, చాలా ఇళ్లలో వంశపారంపర్యంగా వస్తుంది. గ్యాసూ కాదు, దిష్టీ కాదు, పని తప్పించుకునే ఎత్తు అసలే కాదు. మగవారి కంటే ఆడవారికి దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఇళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోనిది అందుకేనేమో!

అంతకంటే పెద్ద కోపం మందుల షాపుల మీద. శ్రీకాకుళంలో ఏ వీధిలోనైనా తల పట్టుకుని నిలబడితే చాలు, చీటీ అడగరు. కత్తెరతో అట్టలోంచి రెండు మాత్రలు కత్తిరించి చేతిలో పెడతారు. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఏం మింగుతున్నామో మనకే తెలియదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అదే పనిగా వాడితే కిడ్నీలకు చేటు. ఈ మాట వేరే జిల్లాలో చెప్పాల్సి రావచ్చు, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం ఉన్న జిల్లాలో కూడా చెప్పాలా? కవిటి, సోంపేట ఊళ్లలో అంతమంది కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నేను ఆ నేరం మాత్రల మీద వేయడం లేదు. కానీ పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టుకోవాల్సి వచ్చిన మనం నొప్పి మాత్రలను చాక్లెట్లలా పంచుకోవడం ఏమిటి?

పైగా నెలకు 15 రోజులు, ఆపైన నొప్పి మాత్రలు వాడుతూ మూడు నెలలు దాటితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది. మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్ రకం మందులకైతే 10 రోజులే హద్దు. ఏ రోజు నొప్పి వచ్చింది, ఏ మాత్ర వేసుకున్నాం అని క్యాలెండర్ మీద రాసుకుంటే లెక్క మనకే తెలుస్తుంది. ఆ క్యాలెండర్ తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. సుమాట్రిప్టాన్ లాంటివి నొప్పి మొదట్లోనే వేసుకుంటే బాగా పనిచేస్తాయి, కాకపోతే గుండె జబ్బు ఉన్నవారికి పనికిరావు. నొప్పి తరచూ వస్తుంటే రాకుండా ఆపడానికి ప్రొప్రనలాల్, ఫ్లునారిజిన్ లాంటివి రోజూ వాడమంటారు. వాటి గుణం కనబడటానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని "ఏమీ తగ్గలేదు" అని మానేయకండి. ఉబ్బసం ఉంటే ప్రొప్రనలాల్ వద్దు, ముందే చెప్పండి.

ఇక ఉపవాసాలు. మా ఆడపడుచు ఏటా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడటానికి ఏమీ తినకుండా, చుక్క నీళ్లు తాగకుండా ఎండలో నిలబడుతుంది, సాయంత్రానికి దిష్టి తగిలిందంటుంది. తిండి తప్పినా, నిద్ర తప్పినా, ఒంట్లో నీరు తగ్గినా మైగ్రేన్ లేస్తుంది. కాస్త మజ్జిగ తాగినంత మాత్రాన పైడితల్లి అమ్మ కోపగించుకుంటుందా?

ఒక్క నిమిషంలో తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, యాభై దాటాక కొత్తగా తలనొప్పి మొదలైనా అది మైగ్రేనేలే అని ఊరుకోకండి. అప్పుడు మందుల షాపు ముందు ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికే వెళ్లండి.