మనోళ్ళే కదా, కాస్త ఆ చివరికెళ్ళి కూర్చోండి!

సినిమా హాల్లో సీటు మార్చుకోమని అడగడం తప్పని నేను అనను. కానీ అడగడానికి ఒక పద్ధతి ఉంటుంది. ఆ పద్ధతి మనవాళ్ళలో బొత్తిగా కనిపించడం లేదు. మా బరంపురంలో అయితే మరీను.

ఇక్కడి సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. బరంపురం ఒడిశాలో ఉన్నా కొత్త తెలుగు సినిమా ఇక్కడ కూడా మొదటి రోజే పడుతుంది. పెద్ద హీరోది అయితే ఫ్లెక్సీలు, కొబ్బరికాయలు, ఈలలు అన్నీ మామూలే. ఇచ్ఛాపురం మాకు పాతిక కిలోమీటర్ల దూరం. అటువాళ్ళు పట్టుచీరలకని ఇటొచ్చి పనిలో పనిగా సినిమా చూసి పోతారు. పర్లాకిమిడిలో ఉండే మా మేనత్త వాళ్ళేమో ఇటు రారు, పక్కనే ఉన్న పాతపట్నం వెళ్ళి చూసొస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు అప్పటిదాకా మద్రాసు కింద ఉన్న మా ఊళ్ళు ఇటు వచ్చాయి, వాటితో పాటు మా తాతల తరమూ వచ్చింది. బడిలో ఒడియా, బజార్లో రెండూ, ఇంట్లో తెలుగు. అందుకే హాల్లో పక్క సీట్లోంచి తెలుగు మాట వినపడితే మాకు అదో సంతోషం. సీటు కావలసినవాళ్ళు గురిచూసి కొట్టేది ఆ సంతోషాన్నే.

ముందు మర్యాదగా ఒడియాలో "ఆజ్ఞా, టికె..." (అంటే "అండీ, కాస్త...") అని మొదలుపెడతారు. ఈలోపు మనం పక్కనున్నవాళ్ళతో తెలుగులో ఒక ముక్క అన్నామా, అయిపోయింది. "ఓ, మనోళ్ళేనా! మరింకేటి, కాస్త ఆ చివరికెళ్ళి కూచోండమ్మా, మేవందరం ఒక్క దగ్గరుంటాం." అంటే ఒడియాలో అడిగినంతసేపూ అది అభ్యర్థన, తెలుగులోకి దిగగానే ఆజ్ఞ! కుదరదంటే "తెలుగోళ్ళయ్యుండి ఈపాటి సాయం చెయ్యలేరా" అని దెప్పుడు. అదే సీట్లో ఒడియా ఆయనెవరో ఉండి కుదరదంటే మారు మాట్లాడకుండా వెళ్ళిపోతారు. మనమైతే చుట్టాలం కదా, మొహమాటం పెట్టొచ్చు.

పోయిన సంక్రాంతికి అమ్మా నేనూ సాయంత్రం ఆటకి వెళ్ళాం. అమ్మకి మెడ ఎముకలు అరిగాయి, తల పైకెత్తి ఎక్కువసేపు చూడలేదు. అందుకని బుకింగ్ తెరవగానే వెనక వరసలో నడిమధ్య రెండు సీట్లు తీసుకున్నాను. తీరా వెళ్తే అమ్మ సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో మనవడు, చేతి పక్కన గుంటలో కూల్‌డ్రింక్, నా సీటు మీద వాళ్ళ స్వెటర్లు, ఒక చిప్స్ పొట్లం. కాపురం పెట్టేశారన్నమాట. టికెట్ చూపించాను. "అవునమ్మా, మీదే. మాది అదిగో ఆ బి వరసలో. అక్కడా బానే కనపడతాది" అన్నాడు. ఆ హాల్లో ఎ వరస తెర ముందు మొదలవుతుంది. బి అంటే తెరకి ఎదురుగా మెడ విరుచుకుని చూడటమే. అమ్మ మెడ సంగతి చెప్పాను. "మూడు గంటలే కదమ్మా, ఎంతలో అయిపోతాది" అన్నాడు. ఎంతలోనో అయిపోయేదైతే ఆ బి లో ఆయనే కూర్చోవచ్చు కదా? ఈలోగా పేర్లు పడుతున్నాయి, వెనక నుంచి "కూర్చోండి, కూర్చోండి" అని అరుపులు. టార్చిలైటు అబ్బాయి వచ్చి రెండు టికెట్లూ చూసి, "మీలో మీరు చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని "ఇచ్చేద్దామే, గొడవెందుకు" అంటోంది. నేను కదల్లేదు. చివరికి లేచారు. లేస్తూ లేస్తూ ఆయన భార్య, ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడేలా, "ఈ రోజుల్లో పెద్దాళ్ళంటే గౌరవం ఉందేటి" అంది. అమ్మ వయసు ఆవిడ కంటే పదేళ్ళు ఎక్కువే ఉంటుంది.

ముందు కూర్చుని తర్వాత అడగడం అడగడం కిందికి రాదు. పెళ్ళి బంతిలో ఇంకొకరి విస్తట్లో అన్నం కలిపేసుకుని, "మీరు వచ్చే బంతికి కూర్చుందురు గానీ" అన్నట్టు ఉంటుంది అది. అక్కడ కాదన్నవాళ్ళే చెడ్డవాళ్ళవుతారు. ఆ ఎత్తు తెలిసే ముందు స్వెటర్లు పరుస్తారు.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి, మనవాళ్ళు మొహమాటపడి వదిలేస్తారు గానీ. టికెట్ వంద దాటితే 18 శాతం జీఎస్టీ, యాప్ వాళ్ళ చార్జీ వేరే. చాలా హాళ్ళలో ముందు వరసలు చవక. చవక టికెట్ కొన్నవాళ్ళు ఖరీదు టికెట్ వాళ్ళని మార్చుకోమంటారు, తేడా డబ్బులు ఇస్తామన్నవాళ్ళని మాత్రం ఇంతవరకు చూడలేదు. "అయ్యో, సీటుకి డబ్బులేంటండీ" అంటారేమో. సీటుకేగా డబ్బులు కట్టింది!

రైల్లోనూ ఇదే గోల ఉంటుంది కానీ అక్కడ ఎంతో కొంత చట్రం ఉంది. మిడిల్ బెర్త్ రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా అని నియమం ఉంది, పెద్దవాళ్ళకీ 45 దాటిన ఆడవాళ్ళకీ వీలున్నంతవరకు లోయర్ బెర్త్ చూసి ఇస్తారు, మాట తేలకపోతే టీటీఈ ఉన్నాడు. పైగా ఆపరేషన్ అయినవాళ్ళు, పసిపిల్లల తల్లులు కింద బెర్త్ అడిగితే ఎవరం కాదనం, రాత్రంతా ప్రయాణం మరి. సినిమా హాల్లో ఆ టార్చి అబ్బాయి తప్ప దిక్కు లేదు, ఆ అబ్బాయి ఏమన్నాడో చెప్పాను కదా.

ఇంకో విషయం నాకు మరీ ఒళ్ళు మండిస్తుంది. ఎప్పుడూ అడిగేది ఒంటరిగా వచ్చినవాళ్ళనే. నేను రెండో వారంలో మ్యాట్నీకి ఒక్కదాన్నే వెళ్తుంటాను, జనం తగ్గాక ప్రశాంతంగా ఉంటుందని. "ఒక్కరే కదండీ, ఎక్కడైనా కూర్చోవచ్చు కదా" అంటారు. ఎక్కడైనా కూర్చునేదాన్నయితే సీట్ల పటం ముందు పెట్టుకుని అంతసేపు ఎందుకు చూస్తాను? ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు సీటు ఎంచుకోవడం వెనక ఎంత లెక్క ఉంటుందో అడిగేవాళ్ళకి తెలియదు. పక్కన ఏ సీట్లు ఎలా బుక్ అయ్యాయి, నడవా ఎంత దూరం, మరీ మూలకి ఉందా. అలా వెతికి తీసుకున్నది వదిలేసి, అటూ ఇటూ ముక్కూమొహం తెలియని నలుగురు మగవాళ్ళున్న మధ్య సీటుకి వెళ్ళమని అడుగుతారు, అదీ నవ్వుతూ. ఒంటరి ఆడమనిషిని అలాంటి చోటికి జరగమని అడగనే కూడదు. అదే ఒక అమ్మాయి తనే వచ్చి "అన్నా, మీరిటు వస్తారా, నేనటు కూర్చుంటాను" అంటే కారణం అడక్కుండా లేవాలి. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళతో ఇక ఏం వాదిస్తాం.

చిన్నపిల్లల విషయంలో నాకు వాదనే లేదు. తల్లి ఒక వరసలో, నాలుగేళ్ళ గుంటడు ఇంకో వరసలో పడితే నేనే లేచి ఇచ్చేస్తాను. కొత్త జంటలంటారా, చీకట్లో ఇద్దరూ తెర వైపే చూసేదానికి పక్కపక్కన కూర్చుని తీరాలా అనిపిస్తుంది గానీ, పోనీలెండి, వాళ్ళ సరదా వాళ్ళది. పద్ధతిగా అడిగితే ఇస్తాను.

పద్ధతి అంటే ఏమిటో ఒక కుర్రాడు చూపించాడు. ఇంకా లైట్లు ఆరలేదు. నడవాలోనే నిలబడి, ఫోన్లో టికెట్ తెరిచి నా వైపు తిప్పాడు. "అక్కా, నాది మీ వెనక వరసే, సరిగ్గా మధ్యలోనే. మీ పక్క సీటు మా నాన్నగారిది. ఆయనకి కుడి చెవి వినపడదు, నేను ఎడమ పక్కన కూర్చుని మాటలు చెప్తుంటాను. మీరు మారితే మాకు వీలవుతుంది. కుదరకపోతే ఫర్లేదు, ఇంటర్వెల్ తర్వాత ఇంకెవరినైనా అడుగుతాను." నాకు దొరికే సీటు నా దానికంటే మంచిది. నంబరు నా కళ్ళతో చూసుకున్నాను. కాదనడానికి దారి కూడా అతనే వదిలాడు. ఠక్కున లేచాను. సినిమా అంతా వాళ్ళ వెనక కూర్చుని ఆ గుసగుసలు వింటూనే ఉన్నాను. ఒక్క పిసరు కూడా విసుగు రాలేదు, వేరేవాళ్ళయితే తిట్టుకునేదాన్ని.

మారేవాళ్ళు కూడా ఆ నంబరు చూడకుండా లేవొద్దు. ఒక్కోసారి వాళ్ళు చూపించిన సీటు వాళ్ళది కాదు, ఖాళీగా కనపడిందని చూపించేస్తారు. అసలు మనిషి పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అప్పుడు మన సీట్లో వాళ్ళు దర్జాగా ఉంటారు, మనం నడవాలో నిలబడి ఉంటాం. పైగా అన్ని హాళ్ళలో అక్షరాలు ఒకే వైపు నుంచి మొదలవ్వవు. "మాది ఎ వరస" అంటే మురిసిపోకండి, అది ఏ వైపు ఎ అని ముందు అడగండి.

మా చిన్నాన్నకి ఈ వాదన అస్సలు నచ్చదు. "పరాయి రాష్ట్రంలో ఉన్నాం, మనలో మనం సీటు దగ్గర కొట్టుకుంటే ఎలాగే" అంటాడు. ఆయనకి షుగరు, మాటిమాటికీ లేవాలి, అందుకని ఎప్పుడూ తలుపు పక్క నడవా సీటే తీసుకుంటాడు. "సరే చిన్నాన్నా, ఎవరో తెలుగాయన వచ్చి ఆ సీటు అడిగితే ఇచ్చేస్తావా?" అన్నాను.

"అది వేరే" అన్నాడు.