సవరణ: కాస్ట్రో వ్యాసాల ప్రయోగం

ఎదుటివాళ్ల ప్రవర్తనకు కారణాలు మనం ఎలా ఊహించుకుంటామో చెప్పిన పాత పోస్టులో, 1967లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అమెరికాలో ప్రచురించిన ప్రయోగం గురించి "రాసినవాడి పరిస్థితిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు" అని ఉంది. అది సరికాదు, ఆ వాక్యం మార్చాను.

జరిగింది ఇది. అప్పటి క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూనో విమర్శిస్తూనో ఉన్న వ్యాసాన్ని విద్యార్థుల చేతికిచ్చి, రాసినవాడి అసలు అభిప్రాయం అంచనా వేయమన్నారు. స్కేలు 10 నుంచి 70 వరకు. అంకె పెరిగేకొద్దీ కాస్ట్రో మీద అభిమానం ఎక్కువని అర్థం. ఇష్టపూర్వకంగా సమర్థిస్తూ రాశాడని చెప్తే సగటున 60 దాకా వేశారు. ఏ పక్షం రాయాలో ముందే చెప్పి రాయించారంటే అది 44కి దిగింది. అంటే పరిస్థితిని పట్టించుకున్నారు. కానీ అలాగే చెప్పి రాయించిన వ్యతిరేక వ్యాసానికి వేసింది 23! ఇద్దరిదీ పురమాయించి రాయించిన రాతే అయినప్పుడు ఇంత తేడా ఎందుకుండాలి? అసలు సంగతి ఈ తేడాలోనే ఉంది: చెప్పి రాయించారని తెలిసినా, రాతను బట్టే రాసినవాడి అభిప్రాయాన్ని అంచనా కట్టారు. పాత వాక్యంలో అదే కనపడకుండా పోయింది.

చిల్లర లేదని కసురుకున్న బస్ కండక్టర్‌నే తీసుకోండి. బస్సు కిక్కిరిసి ఉందని, ఆయన పొద్దుట్నుంచీ డ్యూటీలో ఉన్నాడని మనకు తెలుసు. "పాపం, ఎంత టెన్షనో" అని కూడా అంటాం. అయినా దిగేటప్పుడు "మనిషికి కాస్త పొగరే" అనుకుంటూ దిగుతాం.

ఇంకొకటి. పరిస్థితి కంటే మనిషి స్వభావాన్నే ఎక్కువగా కారణంగా చూసే ఈ ధోరణికి ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టింది జోన్స్, హారిస్ కాదు. 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టారు.